పద్నాలుగేళ్ళ పెంగ్విన్ రాజ్యం

పుట్టింది 2003 మే 28న. పోయింది 2017 నవంబరు 23న. పుట్టించిందీ, పొమ్మన్నదీ ఒకటే సభ, మ్యూనిక్ నగర కౌన్సిల్. నడుమ గడిచినవి పద్నాలుగేళ్ళ చిల్లర. రాముడు అడవిలో గడిపినన్ని ఏళ్ళు లిమక్స్ సింహాసనం మీద గడిపింది. వనవాసం ఆ తరవాత మొదలైంది. దానికి గడువు మాత్రం ఎవరూ చెప్పలేదు.

పెంగ్విన్ గుర్తున్న లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ పేరునీ మ్యూనిక్‌నీ అంటుగట్టి పెట్టుకున్న పేరు లిమక్స్. మ్యూనిక్ బవేరియా రాష్ట్రానికి రాజధాని. సీమెన్స్, బీఎండబ్ల్యూ కంపెనీల పెద్ద ఆఫీసులున్న ఊరు, డబ్బుకు కరువు లేని ఊరు. అలాంటి ఊరి నగరపాలక సంస్థ తన ఉద్యోగుల బల్లల మీదున్న సుమారు 15 వేల కంప్యూటర్లలోంచి విండోస్‌నీ మైక్రోసాఫ్ట్ ఆఫీసునీ తీసేసింది. వాటి చోట ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంది. అంటే లోపలి కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, ఏటా ఎవరికీ లైసెన్సు రుసుము కట్టనక్కర్లేదు. ఆ పని ముగించడానికి పదేళ్ళు పట్టింది. ముగించి మూడేళ్ళు తిరిగేసరికి, కట్టిన చేతులే దాన్ని విప్పడం మొదలుపెట్టాయి.

దీన్ని మైక్రోసాఫ్ట్ గెలుపుగా చెప్పేవాళ్ళున్నారు, లైనక్స్ చేతకానితనంగా చెప్పేవాళ్ళూ ఉన్నారు. రెండూ నాకు మింగుడుపడవు. యంత్రం నడుస్తుండగా, డబ్బు మిగులుతుండగా కూలిన రాజ్యం ఇది. శత్రువు కొట్టి పడగొట్టిన కోటల గురించి రాసేవాళ్ళు చాలామందే ఉంటారు. లోపలివాళ్ళు విసిగి తలుపు తీసిన కోటల గురించి రాయడం కష్టం.

మొదలైంది ఆదర్శంతో కాదు, అవసరంతో. అప్పటికి ఆ కంప్యూటర్లలో ఉన్నది విండోస్ ఎన్‌టీ 4. దానికి ఇక మద్దతు ఇవ్వబోమని మైక్రోసాఫ్ట్ చెప్పేసింది. మద్దతు పోయిందంటే భద్రతలో కన్నాలు బయటపడినా పూడ్చే దిక్కు ఉండదు. కాబట్టి కొత్త విండోస్ కొనాలి, దానితో కొత్త ఆఫీసు కొనాలి, పాత యంత్రాలు మొయ్యలేకపోతే వాటినీ మార్చాలి. కొన్నేళ్ళు పోయాక మళ్ళీ అదే తంతు. ఖర్చు ఎప్పుడు పెట్టాలో ఊరి చేతిలో లేదు, కంపెనీ చేతిలో ఉంది. మేయర్ క్రిస్టియాన్ ఊడెకు గుచ్చుకున్నది ఆ సంగతే. ఆయన సోషల్ డెమోక్రాట్. 1993 నుంచి ఆ కుర్చీలో ఉన్నవాడు, ఊరి నాడి తెలిసినవాడు.

కౌన్సిల్ ఒక సలహా సంస్థ చేత లెక్కలు వేయించింది. డబ్బు వరకే చూస్తే మైక్రోసాఫ్ట్ దారి కాస్త చవక అని తేలింది. ఒకే కంపెనీ మీద ఆధారపడకుండా ఉండటం, రేపటి అవసరాలకు వీలుగా ఉండటం లాంటివి కలుపుకుంటే లైనక్స్‌కు మార్కులు ఎక్కువ వచ్చాయి. ఈ మాట పద్నాలుగేళ్ళూ గుర్తుపెట్టుకోవలసింది. చాలామంది తొందరగానే మరిచిపోయారు. చవక అని చెప్పి తెచ్చిన సరుకు కాదది.

ఈ కబురు అమెరికాకు చేరింది. 2001లోనే లైనక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చిన స్టీవ్ బామర్ అప్పుడు మైక్రోసాఫ్ట్ అధిపతి. 2003 వసంతంలో ఆయన స్విట్జర్లాండ్‌లో మంచుకొండల మీద స్కీయింగ్ సెలవుల్లో ఉన్నాడు. సెలవు మధ్యలో ఆపుకుని స్వయంగా మ్యూనిక్ వచ్చి మేయర్‌ను కలిశాడు. మైక్రోసాఫ్ట్ అడిగిన ధర 3.66 కోట్ల డాలర్ల నుంచి దిగుతూ దిగుతూ 2.37 కోట్ల దగ్గర ఆగింది. ఐబీఎం, సూసె కంపెనీలు కలిసి లైనక్స్ తరఫున చెప్పిన ధర 3.57 కోట్లు. కోటీ ఇరవై లక్షల డాలర్లు ఎక్కువ. అయినా కౌన్సిల్ లైనక్స్‌కే చేతులెత్తింది. కూరగాయల దగ్గర కూడా బేరం ఆడే మనకు ఇది వింతగా ఉంటుంది. అంత తేలిగ్గా తగ్గే ధర, పోటీ లేనంత కాలం ఎందుకు తగ్గలేదన్న అనుమానం ఎవరికైనా వస్తుంది కదా.

ఊడె తరవాతి కాలంలో ఒక ముచ్చట చెప్పుకునేవాడు. బిల్ గేట్స్‌తో కలిసి కారులో వెళ్తుండగా గేట్స్ అడిగాడట, మీరు ఇదంతా ఎందుకు చేస్తున్నారని. స్వేచ్ఛ కోసం అన్నాడట ఊడె. ఎవరి నుంచి అని గేట్స్. మీ నుంచే అని ఊడె. చెప్పినవాడు రాజకీయ నాయకుడు, పైగా హాస్యప్రియుడు. కొంత ఉప్పూ కారం వేసి చెప్పి ఉండొచ్చు. కానీ ఆ ఊరు ఎందుకు కోటీ ఇరవై లక్షలు ఎక్కువ పెట్టడానికి సిద్ధపడిందో ఆ ఒక్క జవాబులో ఉంది.

2004 జూన్‌లో కౌన్సిల్ అసలు పథకాన్ని ఆమోదించింది. ఆగస్టులోనే పని ఆగింది. సాఫ్ట్‌వేర్‌కు పేటెంట్లు వర్తింపజేసే చట్టం యూరప్‌లో తయారవుతోంది. అది వస్తే లైనక్స్ వాడే ఊరిని ఎవడైనా కోర్టుకు లాగొచ్చని గ్రీన్ పార్టీ సభ్యుడొకరు హెచ్చరించారు. లైనక్స్‌ను ప్రేమించేవాళ్ళే లైనక్స్ పని ఆపించారన్నమాట. ఆపద పెద్దది కాదని లాయర్లు తేల్చాక పని మళ్ళీ సాగింది. మరుసటి ఏడు ఆ చట్టాన్ని యూరోపియన్ పార్లమెంటే తిరగ్గొట్టింది. ఇంకో వింత. ముందు తోవ చూపిన ఐబీఎం, సూసెలకు కాంట్రాక్టు దక్కలేదు. 2005 టెండర్లో డెబియన్ లైనక్స్ తెస్తామన్న రెండు చిన్న జర్మన్ కంపెనీలకు పని దక్కింది. లైసెన్సు రూపంలో సముద్రం దాటిపోయే డబ్బు దగ్గరి ఇంజనీర్ల జీతాలుగా మారింది. ఓపెన్ సోర్స్ లాభాల పట్టికలో ఈ వరసను ఎవరూ పెద్ద అక్షరాలతో రాయరు గానీ, ఊరి ఖజానా మీద కూర్చున్నవాడికి ఇది చిన్న విషయం కాదు.

మొదటి బల్ల మీదికి లిమక్స్ ఎక్కింది 2006 సెప్టెంబరులో.

అప్పుడు బయటపడింది అసలు రోగం. మ్యూనిక్‌లో కంప్యూటర్ విభాగం ఒకటి కాదు, ఇరవై రెండు. ఒక్కో శాఖకు సొంత సిబ్బంది, సొంత సర్వర్లు, సొంత పద్ధతులు. బయటికి అన్నీ విండోసే. లోపల మాత్రం ఎవరి విండోస్ వాళ్ళది, ఎవరి తాళాలు వాళ్ళవి. ఎక్కడ ఏ ప్రోగ్రామ్ నడుస్తోందో మొత్తంగా తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడూ లేడు. మార్పు తలపెట్టాక ముందు జాబితా రాసుకోవలసి వచ్చింది. జాబితా రాస్తుంటే వేల టెంప్లేట్లు, మాక్రోలు, ఫారాలు బయటికొచ్చాయి. ఎప్పుడో ఏ ఉద్యోగో తన సౌకర్యం కోసం వర్డ్‌లో రాసుకున్న చిన్న మాక్రో, ఆ మనిషి పోయినా శాఖ పనంతా తన మీదే మోస్తూ ఉంటుంది. పన్ను నోటీసు, పెళ్ళి నమోదు, షాపు లైసెన్సు అన్నీ అలాంటి వాటి మీదే నడుస్తుంటాయి. ప్రభుత్వం నడిపే సాఫ్ట్‌వేర్ అంటే పెట్టెలో కొన్నది కాదు, ఆ పెట్టె చుట్టూ ఇరవై ఏళ్ళుగా అల్లుకున్న ఈ తీగలు. తీగలు తెంపకుండా పెట్టె తీయడం ఎవరి తరమూ కాదు.

ఆ పీటముడి విప్పడానికి నగరపాలక సంస్థ ఇంజనీర్లే ఒక పనిముట్టు రాసుకున్నారు. దాని పేరు వోల్‌మక్స్. మైక్రోసాఫ్ట్ ఆఫీసు బదులు పెట్టుకున్న ఓపెన్ ఆఫీస్‌కు జోడింపుగా పనిచేస్తుంది. ఉద్యోగి పేరు, శాఖ, చిరునామా, లెటర్‌హెడ్ తనే నింపుతుంది. వేల టెంప్లేట్లను ఒక క్రమంలోకి తెస్తుంది. 2008లో దాన్ని ఓపెన్ సోర్స్‌గా లోకానికి ఇచ్చేశారు. ఒక నగరపాలక సంస్థ సాఫ్ట్‌వేర్ కొనుక్కునే స్థితి నుంచి, రాసి పదిమందికీ పంచే స్థితికి వచ్చింది. లిమక్స్ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన అధ్యాయం ఇది. ఏ ఎన్నికల సభలోనూ ఎవరూ చెప్పుకోని అధ్యాయం కూడా ఇదే. చప్పట్లు కొట్టించగల సంగతి కాదు మరి, లెటర్‌హెడ్.

పని నత్తనడక నడిచింది. గడువులు జరిగాయి, బడ్జెట్లు పెరిగాయి. డెబియన్ నుంచి ఉబుంటు అనే మరో లైనక్స్‌కు, ఓపెన్ ఆఫీస్ నుంచి దానిలాంటిదే అయిన లిబ్రె ఆఫీస్‌కు మారారు. ఈ నత్తనడకలోనే ఒక గుమస్తా బల్ల దగ్గర ఆగి చూడాలి. రాష్ట్ర ప్రభుత్వం నుంచో, ఓ కాంట్రాక్టర్ నుంచో వర్డ్ ఫైలు వస్తుంది. లిబ్రె ఆఫీస్‌లో తెరిస్తే పట్టిక పక్కకు జరిగి ఉంటుంది, పేజీ అంకె కిందికి జారి ఉంటుంది. సరిచేసి పంపితే అవతలివాడి దగ్గర మళ్ళీ చెదురుతుంది. ఓపెన్ ఆఫీస్ ఫైలు పద్ధతి 2006లోనే ఐఎస్ఓ సంస్థ ముద్రతో అంతర్జాతీయ ప్రమాణం అయింది. మైక్రోసాఫ్ట్ తన పద్ధతికి 2008లో ఆ ముద్ర వేయించుకుంది. రెండు ప్రమాణాలున్నచోట ఏ ప్రమాణం గెలుస్తుందో ఐఎస్ఓ కాదు చెప్పేది, ఎదుటివాడు ఏది వాడుతున్నాడో అది. మ్యూనిక్ చుట్టూ ఉన్న లోకమంతా వర్డే వాడుతోంది.

ఆ గుమస్తాకు లైసెన్సుల ఆదా తెలియదు. ఆదా అయిన యూరోలో ఒక్క సెంటు కూడా అతని జీతంలో కలవదు. స్వేచ్ఛ నగరానిది, మిగులు ఖజానాది, చెదిరిన పట్టిక అతనిది. ప్రభుత్వాలు ఓపెన్ సోర్స్‌కు మారడం వల్ల వచ్చే లాభనష్టాల గురించి ఎన్ని నివేదికలు రాసినా, లాభం పైనా నష్టం కిందా పోగుపడతాయన్న ఈ సంగతి పట్టికల్లో కనిపించదు. లాభం ఏడాదికొకసారి బడ్జెట్ కాగితంలో కనిపించి మాయమవుతుంది. ఇబ్బంది రోజూ పొద్దున్న తొమ్మిదింటికి కంప్యూటర్ తెరవగానే ఎదురవుతుంది.

అయినా పని సాగింది. 2012 వేసవి నాటికి 10 వేల కంప్యూటర్లు మారాయి. ఆ ఏడాది చివర నగరం లెక్కలు బయటపెట్టింది. లిమక్స్‌కు అయిన ఖర్చు దాదాపు 2.3 కోట్ల యూరోలు. అదే కాలంలో విండోస్, మైక్రోసాఫ్ట్ ఆఫీసు కొత్తవి వేసుకుంటూ పోయి ఉంటే 3.4 కోట్లు అయ్యేది. అంటే కోటి యూరోలకు పైగా మిగులు. రెండు నెలలకే మరో లెక్క వచ్చింది. మైక్రోసాఫ్ట్ కోసం హెచ్‌పీ చేసిన అధ్యయనం అది. లిమక్స్‌కు 6 కోట్లకు పైగా ఖర్చయిందని, పాత విండోస్ ఎక్స్‌పీతో సరిపెట్టుకుని ఉంటే 1.7 కోట్లతో పోయేదని దాని మాట. మా దగ్గర అడగకుండా, మా కాగితాలు చూడకుండా వేసిన లెక్క అని నగరం కొట్టిపారేసింది. ఎక్స్‌పీ అప్పటికే చావుకు దగ్గరపడిన సరుకన్న సంగతి కూడా గుర్తుచేసింది. నిజానికి ఇలాంటి లెక్కల్లో ఎవరి కాలిక్యులేటర్ వాళ్ళకు అనుకూలంగానే పలుకుతుంది. శిక్షణ ఖర్చు ఎవరి ఖాతాలో వేయాలి? ఎలాగూ మార్చవలసిన టెంప్లేట్ల ఖర్చును లైనక్స్ ఖర్చు అనొచ్చా? కొనకుండా ఆపిన యంత్రాల విలువ ఎంత? ఈ మూడు ప్రశ్నలకు మీ జవాబు మార్చండి, గెలుపు ఓటములు తారుమారవుతాయి.

2013 ఆ రాజ్యానికి పౌర్ణమి. ఎక్స్‌పీకి మద్దతు ఆగిపోతోందని ఇళ్ళలో పాత కంప్యూటర్లున్న జనం కంగారు పడుతుంటే, నగర గ్రంథాలయాల్లో తేలికపాటి ఉబుంటు సీడీలు 2,000 పంచిపెట్టారు. పాత యంత్రాలు చెత్తకుప్పల పాలు కాకూడదని వాళ్ళ ఉద్దేశం. తన బల్లలు సర్దుకున్న ఊరు పౌరుల బల్లల గురించి కూడా ఆలోచించిందన్నమాట. ఆ ఏడాది చివరికి 14,800 దాటి కంప్యూటర్లు లిమక్స్ మీదికి వచ్చాయి. డిసెంబరులో పథకం విజయవంతంగా ముగిసిందని ప్రకటించారు.

పౌర్ణమి మర్నాటి నుంచే క్షీణత. ఆ సెప్టెంబరులోనే ఊడె బవేరియా ముఖ్యమంత్రి పదవికి పోటీ చేసి ఓడిపోయాడు. వయసు పరిమితి వల్ల మళ్ళీ మేయర్‌గా నిలబడే వీలు లేదు. 2014 వసంతంలో ఇంటికి వెళ్ళిపోయాడు. లిమక్స్‌కు కోడ్ ఉంది, ఇంజనీర్లున్నారు, డబ్బుంది. దానికోసం సభలో నోరు విప్పే పెద్దమనిషి మాత్రం వెళ్ళిపోయాడు.

వారసుడు డీటర్ రైటర్ అదే సోషల్ డెమోక్రాట్ పార్టీ మనిషి. తాను మైక్రోసాఫ్ట్ అభిమానినని బాహాటంగానే చెప్పుకున్నాడు. మేయర్ కాకముందు నగర ఆర్థిక విభాగాధిపతిగా ఉన్నప్పుడు, పక్క ఊళ్ళో ఉన్న మైక్రోసాఫ్ట్ జర్మనీ కేంద్ర కార్యాలయాన్ని మ్యూనిక్‌కు రప్పించే పనిలో పాలుపంచుకున్నాడు. ఆ కార్యాలయం 2016లో ష్వాబింగ్ పేటకు వచ్చింది. జర్మనీలో వ్యాపార పన్ను స్థానిక సంస్థకే పోతుంది. ఈ తరలింపునీ లిమక్స్ పతనాన్నీ కలిపి కథలల్లినవాళ్ళు చాలామంది. రుజువు ఎవరూ చూపలేదు. నాకైతే ఆ కుట్ర కథ అవసరమే లేదనిపిస్తుంది. కుట్ర లేకుండానే అన్నీ సమకూడాయి.

కొత్త పాలకవర్గంలో సోషల్ డెమోక్రాట్ల పక్కన ఇప్పుడు బవేరియా సంప్రదాయవాద పార్టీ సీఎస్‌యూ కూర్చుంది. గ్రీన్ పార్టీ ప్రతిపక్షంలోకి పోయింది. కొత్త మేయర్ ఫోనుకు ఆఫీసు మెయిలు రావడానికి వారాలు పట్టిందట. ఉప మేయర్ యోసెఫ్ ష్మిడ్ మెయిలు, చిరునామాలు, క్యాలెండరు ఒకేచోట రావడం లేదని పత్రికలకు చెప్పాడు. మరుసటి ఏడు సీఎస్‌యూ సభ్యులిద్దరు తమ ల్యాప్‌టాప్‌లలో స్కైప్ లేదని, మంచి రాత ప్రోగ్రామ్ లేదని విండోస్ అడిగారు. ఫోనుకు మెయిలు రాకపోవడానికి బల్ల మీది ఆపరేటింగ్ సిస్టమ్ కారణం కాదు. అది సర్వర్ల సంగతి, వాటిని నడిపే విభాగాల సంగతి. కానీ మేయర్‌కు సర్వర్ కనిపించదు, తెర మీద పెంగ్విన్ కనిపిస్తుంది.

ఇక్కడ మన పెద్దల మాటొకటి పనికొస్తుంది, ఇల్లు కట్టి చూడమన్నారు కదా. అద్దె ఇంట్లో కప్పు కారితే ఓనర్ని తిట్టుకుని బకెట్ పెట్టుకుంటాం. సొంతిల్లు కారితే కట్టిన మేస్త్రీని, కట్టమన్న తండ్రిని, ఆ స్థలం చూపించిన బావమరిదిని అందరినీ తిడతాం. విండోస్ వేలాడిపోతే ఉద్యోగి అది కర్మ అనుకుంటాడు, మళ్ళీ స్టార్ట్ చేస్తాడు. లిమక్స్ వేలాడిపోతే దానికి చిరునామా ఉంది, అంతస్తు నంబరు ఉంది, ఫోన్ చేసి అరవడానికి మనిషి ఉన్నాడు. సొంతం చేసుకోవడం వల్ల వచ్చే గొప్ప లాభం అదే, తప్పు దొరికితే ఊళ్ళోనే దిద్దుకోవచ్చు. సొంతం చేసుకున్నవాడి మెడకు చుట్టుకునేదీ అదే. ఊళ్ళోని ప్రతి కంప్యూటర్ కష్టమూ, ప్రింటర్ మొరాయించినా సరే, చివరికి లిమక్స్ పద్దులోకే వెళ్ళింది.

రైటర్ మేయర్ అయిన ఏడాదే, 2014 ఫిబ్రవరిలో, బామర్ స్థానంలోకి హైదరాబాద్ బిడ్డ సత్య నాదెళ్ళ వచ్చాడు. అదే అక్టోబరులో మైక్రోసాఫ్ట్‌కు లైనక్స్ అంటే ప్రేమ అని వేదిక మీద ప్రకటించాడు. క్లౌడ్ వ్యాపారంలో లైనక్స్ లేకపోతే పూట గడవదని ఆయనకు బాగా తెలుసు. 2016 నవంబరులో మైక్రోసాఫ్ట్ లైనక్స్ ఫౌండేషన్‌లో అతిపెద్ద చందాదారుల వరసలో చేరింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మ్యూనిక్ లైనక్స్‌ను సాగనంపే సన్నాహంలో ఉంది. కంపెనీ పెంగ్విన్ దగ్గరికి నడిచి వస్తుంటే, పెంగ్విన్‌ను పెంచిన ఊరు దాన్ని గడప దాటించింది. బేగంపేటలో చదువుకున్న మనిషి ఈ కథలో ఇలా వస్తాడని 2003లో ఎవరూ ఊహించి ఉండరు.

సాగనంపడానికి ఒక నివేదిక కావాలి. ఆ పని యాక్సెంచర్‌కు అప్పగించారు. ఈ కంపెనీ మైక్రోసాఫ్ట్‌తో కలిసి 2000లోనే అవనాడ్ అనే ఉమ్మడి సంస్థ పెట్టింది. ఈ వరస తెలిసినవాళ్ళు ముందే పెదవి విరిచారు. విచిత్రమేమంటే నివేదిక వాళ్ళు భయపడినట్టు రాలేదు. 2016లో వచ్చిన ఆ నివేదిక అసలు జబ్బు ఆపరేటింగ్ సిస్టమ్ కాదని, ముక్కలుముక్కలుగా ఉన్న వ్యవస్థ అని, ఎవరి బాధ్యత ఏమిటో తెలియకపోవడమని చెప్పింది. శాఖలకు విండోస్ కావాలంటే విండోస్, లిమక్స్ కావాలంటే లిమక్స్ ఎంచుకునే వీలు ఇవ్వమంది. కౌన్సిల్ నివేదికను మించిపోయింది. 2017 ఫిబ్రవరి 15న, 2020 నాటికి అందరికీ ఒకే విండోస్ అనే దిశగా ఓటు వేసింది. నగర ఐటీ సంస్థకు పెద్దగా ఉన్న కార్ల్ హైంజ్ ష్నైడర్ పెద్ద సాంకేతిక సమస్యలేవీ లేవని, విండోస్‌కు పోవడానికి సాంకేతిక కారణం తనకు కనబడటం లేదని అదే ఏడు చెప్పాడు. సభ విని ఊరుకుంది.

నవంబరు 23న ఆఖరి ఓటు. 29,000 కంప్యూటర్లకు విండోస్ 10. ఐటీ పునర్నిర్మాణమంతా కలిపి 8.6 కోట్ల యూరోలు, అందులో విండోస్ మార్పుకే 4.9 కోట్లు. మైక్రోసాఫ్ట్ ఆఫీసు సంగతి తరవాత చూద్దామన్నారు. కోటి యూరోల ఆదా గురించి ఏళ్ళ తరబడి పేచీ పడిన ఊళ్ళో, ఈ అంకెల మీద అంత పేచీ లేదు. మార్పుకయ్యే ఖర్చు లైనక్స్ వైపు నడిస్తే దుబారా, విండోస్ వైపు నడిస్తే ఆధునీకరణ.

ఇంకో లెక్క ఎవరూ వేయలేదు. పదేళ్ళలో ఆ ఊరి ఇంజనీర్లు నేర్చుకున్నది, వోల్‌మక్స్ లోపలి సందులు తెలిసిన మనుషులు, లిబ్రె ఆఫీస్‌లో తప్పు దొరికితే స్వయంగా దిద్ది అందరికీ పంపగలిగిన చేతులు. ఇవి ఏ ఆస్తుల పట్టికలోనూ లేవు కాబట్టి నష్టాల పట్టికలోకీ రాలేదు. లైసెన్సును ఎప్పుడైనా మళ్ళీ కొనుక్కోవచ్చు. ఆ చేతుల్ని కొనుక్కోలేరు.

కూలింది మ్యూనిక్ ఒక్కటే కాదు. జర్మనీ విదేశాంగ శాఖ లైనక్స్‌కు వచ్చి 2011లో విండోస్‌కు తిరిగిపోయింది. ఫ్రైబర్గ్ నగరం ఓపెన్ ఆఫీస్ పాత వెర్షన్‌నే పట్టుకు వేలాడి, పక్కన మైక్రోసాఫ్ట్ ఆఫీసునూ ఉంచుకుని, రెంటికీ చెడి 2012లో వదిలేసింది. వియన్నాలో లిమక్స్ లాంటిదే అయిన వీనక్స్ మరింత చిన్న కారణంతో ఒరిగింది. శిశు విద్యాలయాల్లో పిల్లలకు భాష నేర్పే ప్రోగ్రామ్ ఒకటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప నడవలేదు. పసిపిల్లల ఆటబొమ్మ కోసం ఒక రాజధాని తన పథకాన్ని తిప్పుకుంది.

నిలబడ్డవీ ఉన్నాయి. ఫ్రాన్స్ జాండార్మ్ పోలీసు దళం 2005లో ఓపెన్ ఆఫీస్‌తో మొదలుపెట్టి, తరవాత బ్రౌజరు, మెయిలు మార్చి, 2008 నుంచి ఉబుంటుకు నడిచింది. వేల సంఖ్యలో కంప్యూటర్లు అలాగే ఉన్నాయి. అది సైనిక క్రమశిక్షణ ఉన్న దళం. పైనుంచి ఒక ఆజ్ఞ వస్తే ఇరవై రెండు శాఖలు ఇరవై రెండు రకాలుగా అర్థం చేసుకోవు. కేరళ బడులది ఇంకో దారి. అక్కడ పంతుళ్ళకే శిక్షణ ఇచ్చి, వాళ్ళనే మిగతా పంతుళ్ళకు గురువుల్ని చేశారు. వామపక్ష కూటమి పోయి కాంగ్రెస్ కూటమి వచ్చినా, మళ్ళీ అది పోయి ఇది వచ్చినా, బడుల్లో లైనక్స్ నడుస్తూనే ఉంది. దాన్ని కాపాడింది ముఖ్యమంత్రులు కాదు, స్టాఫ్ రూముల్లో కూర్చున్న టీచర్లు. మ్యూనిక్‌లో ఉద్యోగులకు శిక్షణ ఇవ్వలేదని కాదు. అది వాళ్ళ సొంతమన్న భావన మాత్రం మేయర్ గది దాటి కింది అంతస్తులకు దిగలేదు.

2019లో జర్మనీ కేంద్ర హోంశాఖ చేయించిన అధ్యయనం ప్రభుత్వ కార్యాలయాలు మైక్రోసాఫ్ట్ మీద ప్రమాదకరంగా ఆధారపడి ఉన్నాయని తేల్చింది. ఆ శాఖకు మంత్రి హోర్స్ట్ సేహోఫర్, 2013లో ఊడెను ఓడించిన బవేరియా నాయకుడే. 2020 ఎన్నికల తరవాత మ్యూనిక్‌లో గ్రీన్ పార్టీ సోషల్ డెమోక్రాట్లతో కలిసి మళ్ళీ పాలనలోకి వచ్చింది. సాంకేతికంగా, ఆర్థికంగా వీలున్నచోటల్లా ఓపెన్ సోర్స్, ఓపెన్ ప్రమాణాలు వాడతామని ఒప్పందంలో రాసుకున్నారు. దానికింద సంతకం పెట్టిన సోషల్ డెమోక్రాట్ల మేయర్ అప్పుడూ అదే రైటర్. బల్లల మీద మాత్రం విండోస్ ఉంది. వీలున్నచోటల్లా అన్న మాటలో ఎన్ని కిటికీలు పడతాయో రాజకీయం తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

2024 ఏప్రిల్‌లో దేశానికి ఉత్తరపు కొసన ఉన్న ష్లెస్విగ్ హోల్‌స్టైన్ రాష్ట్రం 30,000 కంప్యూటర్లలో లిబ్రె ఆఫీస్ పెడతామని ప్రకటించింది. ముందు ఆఫీసు, ఆ తరవాత మెయిలు, చివర్లో విండోస్. మెయిలు పెట్టెలు 40,000 దాకా 2025 అక్టోబరు నాటికి మారిపోయాయి. మార్పు నడుస్తుండగానే కోర్టుల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. పథకాన్ని భుజాన మోస్తున్న మంత్రి డిర్క్ ష్రోడ్టర్‌ది సీడీయూ, మ్యూనిక్‌లో లిమక్స్‌ను సాగనంపడానికి చేతులెత్తిన సీఎస్‌యూకు సోదర పార్టీ. అక్కడ ఎన్నికలు 2027లో.